రా ఫైలు, జెపెగ్ ఫైలు: అంచు గీసిన చెయ్యి ఎవరిది?

ఛాయాచిత్రాన్ని సాక్ష్యంగా తీసుకొనేవారికి నేడు ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతున్నది. డిజిటల్ కెమెరా ఒక్క మీట నొక్కుతోనే ఒకే దృశ్యాన్ని రెండు ఫైళ్ళుగా భద్రపరచగలదు. ఒకటి రా ఫైలు, రెండవది జెపెగ్ ఫైలు. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే అంచులు కలియవు. రా ఫైలులో దృశ్యం కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు దేనిని నమ్మాలి?

ఈ వృత్తి తెలిసిన పెద్ద సంస్థలు రెండు దీనికి రెండు రకాలుగా సమాధానం చెప్పాయి. 2010లో వరల్డ్ ప్రెస్ ఫోటో అనే అంతర్జాతీయ పోటీలో బహుమతి పొందిన ఒక చిత్రాన్ని నిర్వాహకులు ఆ తరువాత జాబితా నుంచి తొలగించారు. ఛాయాగ్రాహకుని దగ్గరనుంచి రా ఫైలు తెప్పించి పోల్చి చూడగా, చిత్రంలో వెనుకగా కనబడవలసిన ఒక మనిషి పాదపు తునక చెరిపివేసినట్లు తేలింది. అక్కడ రా ఫైలే సాక్షి. 2015లో రాయిటర్స్ వార్తాసంస్థ తనకు చిత్రాలు పంపే స్వతంత్ర ఛాయాగ్రాహకులకు దీనికి ఎదురుగా ఉండే ఆదేశం ఇచ్చింది. రా ఫైలు నుంచి తయారుచేసిన చిత్రాలు పంపవద్దనీ, కెమెరాలోనే జెపెగ్‌గా పుట్టినవే పంపాలనీ దాని సారాంశం. ఒకరు నమ్మిన సాక్షిని మరొకరు అనుమానించారన్నమాట.

అయితే ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. ఆ పోటీలో చిత్రం తొలగింపబడింది పాదం చెరిపినందుకే గాని, అంచులు కత్తిరించినందుకు కాదు. నిజానికి ఆ ఛాయాగ్రాహకుడు పెద్ద దృశ్యంలోనుంచి చిన్న ముక్కను మాత్రమే కత్తిరించి పంపాడు. దానిని ఎవరూ తప్పు పట్టలేదు. రాయిటర్స్ ఆదేశంలోనూ కొద్దిపాటి కత్తిరింపుకు అనుమతి ఉన్నది. మన కళాశాలల్లోనూ పాఠశాలల్లోనూ జరిగే చిన్న పోటీలకు వచ్చేసరికి ఈ వివేచన పోయి, “రా ఫైలు అంచు, జెపెగ్ అంచు కలియకపోతే చిత్రం దొంగది” అనే మోటు సూత్రం మిగిలిపోయింది. ఈ సూత్రం శాస్త్రానికి నిలుస్తుందా లేదా అని పరీక్షించడమే ఈ వ్యాసం పని.

ముందుగా పేర్లు. జెపెగ్ అనేది ఆ పద్ధతిని రూపొందించిన ఛాయాచిత్ర నిపుణుల సంయుక్త బృందం ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాల కూర్పు. రా అనేది అట్లా కాదు. అది ‘పచ్చి’ అనే అర్థం గల మామూలు ఇంగ్లీషు మాట. (తెలుగులో దానికి రమ్మనే అర్థం రావడంతో తరగతిలో ఆ మాట అన్నప్పుడల్లా వెనుక బెంచీలవారు నవ్వుతారు, అందుకు ఉపాధ్యాయులు సిద్ధపడే ఉండాలి.) ఉడికిన అన్నానికీ పడిలోని బియ్యానికీ ఎంత భేదమో జెపెగ్‌కూ రా ఫైలుకూ అంత భేదం. కావున రా ఫైలు అసలు చిత్రమే కాదు. అది అంకెల పట్టిక.

ఆ పట్టిక ఎట్లా తయారవుతుందో చూద్దాము. కెమెరాలో కటకం వెనుక సెన్సార్ అనే సిలికాన్ పలక ఉంటుంది. దానిపై లక్షల కొలది, కోట్ల కొలది చిన్న గళ్ళు వరసలు తీరి ఉంటాయి. ప్రతి గడీ తనమీద పడిన వెలుతురును కొలుస్తుందే తప్ప రంగును ఎరుగదు. అందుచేత గడి గడికీ ఒక రంగు గాజు వంటి పొర అమర్చుతారు. ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం, రెండింటికి ఆకుపచ్చ చొప్పున నాలుగేసి గళ్ళ కూర్పు ఇది. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ ఈ అమరికకు 1976లో పేటెంటు పొందాడు. ఇట్లా ఎర్రపొర ఉన్న గడికి ఎరుపు ఎంతో తెలుసు గాని, ఆకుపచ్చ, నీలం ఎంతో తెలియదు. ఆ రెండూ చుట్టుపక్కల గళ్ళను అడిగి తెలుసుకోవాలి. కంప్యూటరు చేసేది ఆ లెక్కే.

ఇక్కడే అంచు సమస్య మొదలవుతుంది. నడుమనున్న గడికి నాలుగు వైపులా పొరుగువారున్నారు. బంతిలో కొసన కూర్చున్నవానికి ఒక పక్క ఎవరూ ఉండనట్లే అంచున ఉన్న గడికి ఒక వైపు పొరుగు లేదు. దాని రంగు లెక్క నమ్మకంగా తేలదు. కావున కెమెరా జెపెగ్ తయారుచేసేటప్పుడు అంచుల్లోని కొన్ని వరసలను పొరుగువారికి సాయపడే సాక్షులుగా వాడుకొని, చిత్రంలో మాత్రం చూపకుండా విడిచిపెడుతుంది. ఇవి కాక, వెలుతురు అసలే తగలకుండా కప్పివేసిన గళ్ళు కొన్ని పక్కలలో ఉంటాయి. చీకటిలో కూడా సెన్సార్‌లో పుట్టే విద్యుత్తు ఎంతో కొలిచి, దానిని మిగిలిన గళ్ళ లెక్కలోనుంచి తీసివేయడానికి అవి అవసరం. త్రాసులో ముందు ఖాళీ తట్టను తూచడం వంటిదే ఇది.

ఉదాహరణకు 2008లో వచ్చిన కానన్ 5డి మార్క్ 2 కెమెరాను తీసుకొందాము. దాని జెపెగ్ అడ్డం 5616 గళ్ళు, నిలువు 3744 గళ్ళు. అదే రా ఫైలును డేవ్ కాఫిన్ రాసిన డీసీరా అనే ఉచిత ప్రోగ్రాముతో విప్పితే అడ్డం 5634 వస్తుంది. అంటే అడ్డంలో 18 గళ్ళు ఎక్కువ. దీనిని పాతబస్తీ మీద పెట్టి చూద్దాము. చార్మినార్ ఒక్కొక్క పక్క సుమారు 20 మీటర్లు. ఆ పక్క చిత్రం వెడల్పులో సగం ఆక్రమించేటట్లు నిలబడి తీశామనుకొంటే, చిత్రం మొత్తం వెడల్పు అక్కడ 40 మీటర్లకు సమానం. 18 గళ్ళ విలువ రెండు పక్కలా కలిపి సుమారు 13 సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు! ఈ జానెడు లోపు తేడాకు ఎవరినీ దొంగ అనవలసిన పని లేదు.

అదే రా ఫైలును కెమెరా తయారుచేసిన సంస్థవారి ప్రోగ్రాములో విప్పితే ఆ 18 గళ్ళూ కనబడవు. అంచు జెపెగ్‌తో సరిపోతుంది. అడోబ్ సంస్థ 2004లో ప్రవేశపెట్టిన డీఎన్‌జీ అనే రా ఫైలు పద్ధతిలోనైతే “ఇక్కడినుంచి ఇక్కడిదాకా చూపుము” అనే సూచన ఫైలులోనే రాసి ఉంటుంది. ఆ సూచనను పాటించేది, పాటించనిది విప్పే ప్రోగ్రాము ఇష్టం. అనగా రా ఫైలుకు ‘ఇదీ నా అంచు’ అని చెప్పుకొనే ఒకే అంచు లేదు. లేని అంచును కొలబద్దగా పెట్టి జెపెగ్‌ను కొలవడం ఎట్లా కుదురుతుంది?

జెపెగ్ వైపు కూడా ఒక మాట చెప్పాలి. ఈ పద్ధతి చిత్రాన్ని ఎనిమిదేసి గళ్ళ చదరాలుగా విడగొట్టి, ఒక్కొక్క చదరంలోని వెలుగునీడలను కొన్ని అలల మొత్తంగా రాస్తుంది. కంటికి పెద్దగా ఆనని సన్నని అలలను తగ్గించి రాయడంవల్ల ఫైలు చిన్నదవుతుంది. దీనికి పునాది అయిన గణితాన్ని నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అనే ముగ్గురు 1974 జనవరిలో ప్రకటించారు. మూడవవారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలో ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం ఆచార్యులుగా ఉండి 2021లో కన్నుమూశారు. ప్రపంచంలోని ప్రతి పెళ్ళి ఫోటోలోనూ ఈయన చెయ్యి ఉన్నదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? పాఠ్యపుస్తకాలు ఇట్టి పేర్లకు ఒక్క పంక్తి కేటాయిస్తే బాగుండును.

పైన చెప్పిన 5616, 3744 అంకెలు రెండూ 16తో నిశ్శేషంగా భాగింపబడతాయి. వాటి నిష్పత్తి సరిగా 3:2. రంగులను రెండింతలు పలచగా రాసేటప్పుడు జెపెగ్ పనిచేసేది పదహారేసి గళ్ళ చదరాలమీద గనుక ఈ కొలత దానికి చక్కగా అమరుతుంది. దీన్నిబట్టి జెపెగ్ పద్ధతే అంచును కోస్తుందని కొందరు రాస్తున్నారు. అది సరి కాదు. కొలత నిశ్శేషంగా లేకపోతే జెపెగ్ చివరి చదరాన్ని తనలో తాను పూరించుకొని, విప్పేటప్పుడు ఆ పూరింపును వదిలివేస్తుంది. అంచును కోసేది కెమెరాలోని లెక్క గాని జెపెగ్ గణితం కాదు.

ఇంతవరకు చెప్పినది జానెడు తేడా. ఇక బారెడు తేడా సంగతి. అసలు తగవులన్నీ ఇక్కడే పుడుతున్నాయి.

వెడల్పుగా చూసే కటకాలలో ఒక దోషం సహజం. చిత్రం నడుమ ఉన్నంత పెద్దరికం అంచులవైపు పోయేకొద్దీ తగ్గుతుంది. అందువల్ల అంచుకు దగ్గరగా ఉన్న తిన్నని గీతలు పీపా పక్కలవలె బయటికి ఉబ్బుతాయి. కేంద్రం గుండా పోయే గీత మాత్రం తిన్నగానే ఉంటుంది. పూర్వం ఈ దోషాన్ని పోగొట్టడానికి కటకానికి కటకం చేర్చేవారు. బరువూ, ధరా పెరిగేవి. 2008లో మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతి వచ్చిన దగ్గరనుంచి, చిన్న కెమెరాల తయారీదారులు దోషంలో కొంత భాగాన్ని కటకంలోనే ఉండనిచ్చి, దాని దిద్దుబాటును లెక్కలకు వదిలిపెట్టడం సాధారణమైంది. దిద్దుబాటు అంటే అంచులను బయటికి సాగదీయడమే. దీర్ఘచతురస్రాన్ని ఇట్లా సాగదీస్తే మూలలు కొమ్ములవలె పొడుచుకు వస్తాయి. తిరిగి దీర్ఘచతురస్రం కావాలంటే ఆ కొమ్ములను కోయాలి. పైఅంచు నడిమిభాగం కేంద్రానికి దగ్గర గనుక అక్కడ దాదాపు ఏమీ పోదు. పక్కఅంచులు దూరం గనుక అక్కడ కొంత పోతుంది. మూలల్లో అన్నిటికంటె ఎక్కువ పోతుంది. కెమెరా ఈ పని అంతా జెపెగ్‌కు చేసి పెడుతుంది. రా ఫైలులో మాత్రం దిద్దని అంకెలు ఉంటాయి, దిద్దవలసిన తీరు పక్కన రాసి ఉంటుంది. ఆ రాతను చదివే ప్రోగ్రాము ఒక చిత్రం చూపుతుంది, చదవనిది మరొకటి చూపుతుంది.

కొంతకాలం క్రితం పాతబస్తీలో ఒక విద్యాసంస్థలో ‘మన కట్టడాలు’ అనే అంశంమీద ఛాయాచిత్రాల పోటీ జరిగింది. ఒక డిగ్రీ విద్యార్థి చార్మినార్ కమాను దగ్గర దక్షిణముఖంగా నిలబడి తీసిన చిత్రాన్ని న్యాయనిర్ణేతలు తుదివరసలోనుంచి తొలగించారు. కారణం: రా ఫైలులో కుడి అంచున లాడ్ బజారు మొదట్లోని ఒక దుకాణం బోర్డూ, దానిమీద వేలాడే కరెంటు తీగల చిక్కూ ఉన్నాయి. జెపెగ్‌లో అవి లేవు. “అందవికారమైన దానిని కోసి, కోయలేదన్నాడు” అని తీర్పు. కత్తిరించరాదనేది ఆ పోటీ నియమం. విద్యార్థి తాను ఏమీ చెయ్యలేదనీ, ఆ రెండు ఫైళ్ళూ కెమెరా ఇచ్చినవి ఇచ్చినట్లే ఉన్నాయనీ ఎంత చెప్పినా వినిపించుకోలేదు.

రెండు ఫైళ్ళూ తరువాత నేను చూశాను. రా ఫైలులో కుడి పక్కనున్న మీనారు బయటికి ఉబ్బి ఉన్నది. ఎడమ పక్కది ఎడమకు ఉబ్బి ఉన్నది. జెపెగ్‌లో రెండూ తిన్నగా ఉన్నాయి. కుడివైపు బోర్డు పోయినట్లే ఎడమవైపున ఒక తోపుడుబండి చక్రమూ పోయింది. రెండు వైపులా పోయిన వెడల్పు దాదాపు సమానం. నడిమి పైఅంచున ఏమీ పోలేదు. మూలల్లో ఎక్కువ పోయింది. ఇంతకంటె స్పష్టంగా కటకపు దిద్దుబాటు తన గుర్తు వదలదు. బోర్డును తప్పించదలచినవాడు కుడివైపునే కోస్తాడు గాని, ఎవరికీ అడ్డులేని బండిచక్రాన్ని ఎడమవైపున అంతే కొలతతో ఎందుకు కోస్తాడు? న్యాయనిర్ణేతల దృష్టి కుడివైపున ఆగిపోయింది. అక్కడ ఉన్నది తీగలచిక్కు కాక పువ్వులచెట్టు అయి ఉంటే అనుమానమే వచ్చేది కాదేమో! పోయిన వస్తువు అందాన్నిబట్టి ఉద్దేశాన్ని ఊహించడం విమర్శ కాదు. తీర్పు మాత్రం ఈ నాటికీ మారలేదు.

ఇంకొక కారణం తేలికైనది. కెమెరాలో 16:9 అనే వెడల్పు చట్రం ఎంచుకొంటే చాలా కెమెరాలు జెపెగ్‌కు మాత్రమే పైనా కిందా కోసి, రా ఫైలును పూర్తిగా ఉంచుతాయి. ఇక ఫోన్ల విషయం వేరే వ్యాసానికి తగినది. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2014 నుంచి, ఐఫోన్లలో 2016 నుంచి రా ఫైలుకు ఏర్పాటు ఉన్నది. ఫోను ఇచ్చే జెపెగ్ తరచుగా వరసగా తీసిన అనేక చిత్రాల కలయిక. చెయ్యి కదిలినంత మేర వాటి అంచులు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోవు. ఉమ్మడిభాగమే మిగులుతుంది. అక్కడ రెండు ఫైళ్ళ అంచులూ కలిస్తేనే ఆశ్చర్యపడాలి.

ఇదంతా డిజిటల్ యుగపు వింత అని భావించేవారు మన హైదరాబాదు చరిత్రనే తిరగవేయవచ్చు. రాజా దీన్‌దయాళ్ (1844–1905) రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో కొలువు చేసి, తరువాత సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. చార్మినారు మొదలైన ఈ నగరపు కట్టడాలను ఆయన తీసిన చిత్రాలు 1892 నాటి నిజాం రాజ్య దృశ్యాల ఆల్బమ్‌లో ఉన్నాయి. ఆయన స్టూడియో గాజుపలకలు 2857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. గాజుపలకే ఆనాటి రా ఫైలు. దానిని ఆల్బుమిన్ కాగితానికి ఆనించి ఎండలో అచ్చు తీసేవారు. కాగితం పలచన గనుక అట్టకు అంటించక తప్పదు. అంటించేముందు అంచులను కత్తితో సరిచేయడం ఆ కాలపు ఛాయాగ్రాహకుల నిత్యకృత్యం. పలకను పట్టిన చట్రం నీడ, మందు సరిగా పరచుకోని మూలలు, గాజుమీద గీకిన వరస సంఖ్య — ఇవన్నీ ఆ కత్తికి పోయేవి. పలకలో ఉన్నది అచ్చులో లేదని ఆనాటి అచ్చులను ఎవరూ దొంగవి అనలేదు.

మరొక సంగతి ఉన్నది. ఆ కాలపు పెద్ద కెమెరాలలో కటకం వేసే వెలుతురు వలయం పలకకంటె పెద్దది. కటకాన్ని పైకి జరిపి, ఆ వలయంలో ఏ భాగం పలకమీద పడాలో ఛాయాగ్రాహకుడే ఎంచుకొనేవాడు. మీనారు కొనను పట్టడానికి కెమెరాను ఆకాశంవైపు వంచవలసిన పని లేదు. గనుక మీనార్లు ఒకదానివైపు ఒకటి వాలకుండా నిలువుగా నిలిచేవి. అంటే పలకమీద పడకముందే అంచు నిర్ణయమైపోయింది! ‘మొదటి చిత్రం’, ‘కత్తిరించని చిత్రం’ అనే మాటలను మనం ఎంత జాగ్రత్తగా వాడాలో దీన్నిబట్టి తెలుస్తుంది. నాటికీ నేటికీ ఉన్న భేదం ఒకటే. నాడు కత్తి పట్టినవాని పేరు తెలుసు. నేడు కత్తి కెమెరా లోపలి లెక్కలో దాగి ఉన్నది. దానిని పట్టినవాడు చార్మినారును ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు.

ఈ దృష్టితో మొదటి రెండు సంస్థల నియమాలను మళ్ళీ తూచవచ్చు. వరల్డ్ ప్రెస్ ఫోటో చేసినది నాకు ఎక్కువ సమంజసంగా తోస్తున్నది. అది రా ఫైలును అంచుకోసం కాక, చట్రం లోపల ఏమున్నదో తెలుసుకోవడానికి వాడుకొన్నది. రాయిటర్స్ ఆదేశానికి కారణం లేకపోలేదు. వార్తకు వేగం ముఖ్యం. రా ఫైలునుంచి వండేటప్పుడు ఛాయాగ్రాహకుడు తన రుచి కలపడానికి అవకాశం ఎక్కువ. కాని కెమెరా వండిన జెపెగ్‌లో ఎవరి రుచీ లేదని అందులో ధ్వనిస్తే ఒప్పుకోలేము. రంగు, వెలుగు, అంచు మూడింటిలోనూ తయారీదారుని రుచి ఉన్నది. ప్రపంచంలో ఆ నమూనా కెమెరాలన్నిటికీ అది ఒకే తీరుగా ఉంటుంది గనుక మన కంటికి ఆనదు, అంతే.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చు. ఖరీదైన సామగ్రి అక్కరలేదు. గోడకు గళ్ళ కాగితాలు వరసగా అంటించి, నాలుగు అంచుల వెంట గళ్ళకు అంకెలు వెయ్యాలి. కెమెరాను గోడకు ఎదురుగా సమంగా పెట్టి, రా, జెపెగ్ రెండూ భద్రపరిచేటట్లు అమర్చి, ఒక్క చిత్రం తీస్తే చాలు. రా ఫైలును డార్క్‌టేబుల్, రాథెరపీ వంటి ఉచిత ప్రోగ్రాములో కటకపు దిద్దుబాటు ఆపివేసి విప్పాలి. అప్పుడు రెండింటిలోనూ అంచున కనబడే చివరి అంకెలను విద్యార్థులచేత చదివించాలి. నాలుగు వైపులా కొద్ది వరసలే తేడా ఉండి గళ్ళ గీతలు తిన్నగా ఉంటే అది సెన్సార్ అంచుల విడుపు. గీతలు ఉబ్బి, మూలల్లో ఎక్కువ గళ్ళు పోయి ఉంటే కటకపు దిద్దుబాటు. పైనా కిందా మాత్రమే పోతే చట్రపు నిష్పత్తి. ఒక పక్కన పోయి, ఎదురుపక్కన ఏమీ పోకపోతే అప్పుడు మాత్రమే చిత్రం తీసినవానిని పిలిచి అడగవచ్చు. అదైనా అడగడమే; తీర్పు కాదు.

పోటీలు పెట్టేవారు “కత్తిరించరాదు” అనే నియమం రాసేటప్పుడు, ఏ ప్రోగ్రాములో విప్పిన రా ఫైలుతో పోలుస్తారో, కటకపు దిద్దుబాటు అందులో ఉంటుందో ఉండదో కూడా ఆ నియమం కిందనే రాయాలి. చిత్రం తీసేరోజునే ఆ గళ్ళ గోడను అదే కెమెరాతో, అదే కటకంతో, అదే అమరికతో ఒకసారి తీసి దగ్గర ఉంచుకొమ్మని విద్యార్థులకు చెప్పడం మంచిది. అనుమానం వచ్చినప్పుడు చూపడానికి అంతకంటె మంచి కాగితం ఇంకొకటి ఉండదు.